నడిమి బొమ్మలు

మొదటి బొమ్మలో షుంపే చెయ్యి గేరు మీద.
చివరి బొమ్మలో ఆ చేతి మీద
ఆ పిల్ల చెయ్యి.
నడుమ పదకొండు బొమ్మలు నావి.

తెర మీద అర సెకనైనా నిలవవు.
కొండ మలుపులో టైర్ల కీచు,
రెయిలింగుకి రాసుకుని లేచే నిప్పురవ్వలు
అవన్నీ వేరేవాళ్ళ పని.
నా వంతు ఒక్క చిటికెన వేలు:
ఏడో బొమ్మలో అది జంకాలి,
ఎనిమిదో దాంట్లో తెగించాలి.

నాకు కారు నడపడం రాదు.
సుగినామిలో ఆఖరి రైలు తప్పితే
తడిసిన సైకిలు మీద ఇంటికెళ్ళే మనిషిని.

ఎదుటి బల్ల నుంచి
నావొయా రబ్బరు అందించాడు.
వేళ్ళు తగిలాయో లేదో తెలీదు,
రబ్బరు మాత్రం వెచ్చగా ఉంది.

జంకు సరిపోలేదని
ఏడో బొమ్మ చెరిపి
మళ్ళీ మొదలుపెట్టాను.