ఒంటికాలి కొంగ

బోర్డు మీది కొంగ ఒంటికాలి మీదే నిలబడి ఉంది.
రెండో కాలు మడిచిందా, దాని రంగు రాలిపోయిందా
అన్న పందెం ఇప్పటికీ తేలలేదు.
ష్రాప్‌షైర్ కొండల కింద ఆ చిన్న ఊళ్లో
గురువారం గొర్రెల సంత ముగిశాక
సగం ఊరు ఆ కొంగ కిందనుంచే లోపలికి దూరుతుంది,
తల వంచి.
గుమ్మం పొట్టిది మరి.
అక్కడ వినయం ఎవరికీ ఊరికే రాలేదు,
నుదుటి మీద బొప్పి కట్టి వచ్చింది.

మేడ మీద మూడు గదులు.
నేల ఎంత వాలు అంటే
మంచం కింద పడ్డ నాణెం
దానంతటదే తలుపు దాకా దొర్లుకుంటూ వచ్చి
బిల్లు కట్టేస్తుందని ఒక జోకు.
కింద వంటింట్లో డిల్విన్
మాంసం పై మీద పిండిమూత నొక్కుతూ
అంచు చుట్టూ బొటనవేలి ముద్రలు వేస్తాడు,
నిశానీలు పెట్టినట్టు.

దానికీ కింద, నేలమాళిగ.
పీపాలు పక్కకు ఒరిగి పడుకుని ఉంటాయి
బాలింతల్లా, చలిలో.
ఇది సీసాలో చచ్చి వచ్చే బీరు కాదు.
పీపాలోనే బతుకుతుంది, పులుస్తుంది, గొణుగుతుంది.
ఊపిరాడాలని నెత్తిన ఒక చిన్న చెక్కమేకు.
బిగిస్తే ఉక్కిరిబిక్కిరి,
వదిలిస్తే నీరసం.
తోడేసిన పాలగిన్నె జోలికి పోనట్టే
రెండు రోజులు దాని జోలికి ఎవరూ పోకూడదు.

ముప్పై ఏళ్లుగా ఆ మేకు కత్‌బర్ట్ పాస్క్ చేతిలో ఉంది.
వాళ్ల నాన్న చేతి నుంచి వచ్చింది.
మొన్న మార్చిలో అతనికి జలుబు చేసింది.
జలుబు పోయింది.
పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది.

ఎవరికీ చెప్పలేదు.
గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు,
ముక్కు దగ్గర పెట్టుకుని
నచ్చినట్టు తలాడించేవాడు.
తేటగా ఉన్నదల్లా మంచిదే అయితే
లోకం ఇంత చిక్కుగా ఎందుకుంటుంది?

ఒక గురువారం ఎవరూ ఏమీ అనలేదు.
ఆ ఊరి మర్యాద అలాంటిది.
వానొచ్చేలా ఉందన్నారు,
గొర్రెల ధర పడిపోయిందన్నారు,
కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు.
బల్లల మీద పదిహేడు సగం గ్లాసులు.
కత్‌బర్ట్ లెక్కపెట్టాడు.
మళ్లీ లెక్కపెట్టాడు.

"ఎడమ పక్క పీపా పోయింది,"
అంది మెట్ల మీంచి థర్జా, చావు కబురు చెప్పినట్టు.
గదుల్లో పక్కలు వేసే మనిషి.
ఆదివారాలు చాపెల్లో ముందు వరస.
పెదవికి చుక్క తగలనివ్వనని
తొమ్మిదో ఏట ఒట్టు పెట్టింది, తప్పలేదు.

"నీకెట్లా తెలుసు?"

"పద్దెనిమిదేళ్లుగా నీ బల్లల తువాళ్లు ఉతుకుతున్నాను.
నిన్నటివి వెనిగర్ కంపు.
నువ్వేమో ఏప్రిల్ నుంచి
పువ్వు చూసినట్టు చూస్తున్నావు గ్లాసును."

అప్పటినుంచి రోజూ పొద్దున పదింటికి
ఆమె దుప్పట్ల దొంతర మెట్ల మీద పెట్టి
నేలమాళిగలోకి దిగుతుంది.
చేతులు వెనక్కి కట్టుకుని
ఒక్కో పీపా మీదికి వంగుతుంది.
"రేపు" అంటుంది. "ఇవాళ" అంటుంది.
ఒక్కోసారి "పారబొయ్యి."
అతను మేకు వదులు చేస్తాడు, ఎదురు చెప్పడు.

రెండో గదిలో దిగిన విత్తనాల వ్యాపారి
మూడో గ్లాసు దగ్గర అడిగాడు:
ఇంత బాగా ఎవరు చూసుకుంటారండీ దీన్ని?
కత్‌బర్ట్ వేలు పైకప్పు వైపు చూపించాడు.
ఆయన భక్తిగా తలూపాడు.
పైన థర్జా
ఆయన పరుపే దులుపుతోంది.

నవంబరులో ఒక పొద్దున, పీపాల మధ్య
కత్‌బర్ట్ అడిగాడు,
అడగడానికి చాలాసేపు తాళంచెవులు తిప్పుతూ:
"ఎట్లా ఉంటుంది ఇక్కడ వాసన? మర్చిపోతున్నాను."

ఆమె కళ్లు మూసుకుంది.
"తడిసిన గోనె.
కోసి మర్చిపోయిన యాపిల్ చెక్క.
సున్నం.
ఆ మూల మాత్రం
మీ నాన్న కోటు."

అతను కింది మెట్టు మీద కూర్చున్నాడు.
ఆ మూల కొక్కేనికి కోటు లేదు,
ఉండి పదకొండేళ్లు.

పైన ఎవరో గంట కొట్టారు.
రెండో గదికి వేణ్ణీళ్లు రావడం లేదట.