నల్ల తొక్క వేరు

వూచ్ నగరంలో నవంబరు
నాలుగింటికే దీపాలు పెట్టిస్తుంది.
నా మందుల కొట్టు తలుపు గంట మోగేలోపే
గెనోవెఫా గొంతు లోపలికొస్తుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు నూలు మిల్లులో,
మగ్గాల హోరులో,
ఎదుటివాళ్ళ పెదాల మీద మాటలు ఏరుకున్న మనిషి.
ఇప్పటికీ అంతే. నేను గొణిగితే లాభం లేదు,
నోరంతా తెరిచి, నెమ్మదిగా, చేపలా మాట్లాడాలి.

"మోకాలు" అంది.
"ఏ కాలు?"
"ఎడమది రాత్రిపూట. కుడిది మెట్ల మీద.
వాటాలేసుకున్నాయి, అప్పచెల్లెళ్ళలాగా."

ఆమెది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
బొగ్గు బకెట్లు మోసిన మెట్లే అవి.
ఇప్పుడు రెండు ఉల్లిపాయలు పైకి చేర్చడానికి
దారిలో రెండుసార్లు కూర్చుంటుంది.

అల్మారాలోంచి గొట్టం తీశాను,
జివోకోస్త్ వేరు సారం, నూరు గ్రాములు.
ఆకుపచ్చ అట్ట మీద
నవ్వుతూ పరిగెత్తే ముసలాయన.
ఆమె కళ్ళద్దాలు పైకి తోసి చూసింది.
"వీడికి మోకాళ్ళ నొప్పులని
ఎవరు చెప్పారు నీకు?"

సంచిలోంచి తన సీసా తీసింది.
ఊరగాయ సీసా. మూత మీద ఇంకా దోసకాయ బొమ్మ.
లోపల చిక్కటి డికాషన్ రంగు,
అడుగున వేరు ముక్కలు
నానిన తాళ్ళ చివరల్లా.

తన తోట చెక్కలో, కాలవ గట్టున తవ్విందట.
మోకాళ్ళు వంగవు గనక
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని,
గరిటెతో,
ఒక మధ్యాహ్నమంతా.
"పైన బొగ్గు నలుపు. విరిస్తే తెలుపు,
పచ్చి గుడ్డు సొనలా జారిపోతుంది.
సారా పోసి కిటికీలో పెట్టాను,
రెండు వారాలు పలకరిస్తూ ఉన్నాను."

జివోకోస్త్ అంటే మా భాషలో
ప్రాణమున్న ఎముక.
ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ
మొక్కని చూసి పెట్టలేదు,
తమ కాళ్ళు చూసుకుని పెట్టారు.

చదువుకున్నవాణ్ణి. చదువుకున్నదే చెప్పాను.
వాపు తగ్గొచ్చు, కొన్నాళ్ళు.
అరిగిన గుజ్జు మళ్ళీ మొలవదు.
తాగకూడదు, కాలేయానికి చేటు.
నెలల తరబడి రాయకూడదు,
చర్మం తెగిన చోట అసలే రాయకూడదు.

ఒక్కో మాటా నా పెదాల మీంచి ఏరుకుంది.
"చర్మం తెగలేదు బాబూ" అంది,
"మిగతాదే."

కొట్లో ఎవరూ లేరు. బయట ట్రామ్ ఒకటి
ఖాళీగా పోయింది.

"ఒక పని చేసిపెట్టు.
ఇది చప్పుడు చేస్తోందా?
అరచెయ్యి పెడితే గరగర తెలుస్తోంది,
చెవికి అందట్లేదు.
మగ్గమైతే ముట్టుకునే చెప్పేదాన్ని
ఏ పళ్ళచక్రం పోయిందో.
ఇది నాదే. ఇదే తెలియట్లేదు."

బల్ల చుట్టూ తిరిగి వచ్చాను.
పంతొమ్మిదేళ్ళుగా దాని వెనకే నిలబడి
ఇవతలి నేల మీద పెచ్చులూడాయని
ఇప్పుడు చూశాను.
ఆమె కుర్చీలో కూర్చుని
ఉన్ని మేజోడు కిందికి చుట్టింది.
వాచిన మోకాలు, గుండ్రంగా, మెరుస్తూ,
రాత్రి రాసుకున్న
తడిమట్టి వాసనతో.

వంగాను. ఇంకా వంగాను. చెవి దగ్గర పెట్టాను.
"చాపు" అన్నాను, నా పెదాలు కనబడవని మరిచి.
మడమ తట్టాక చాపింది.

టప్‌మంది.
దాని వెనకే సన్నగా,
దారం తెగినట్టు, ఇంకోటి.

"వినిపించిందా?" పైనుంచి అరిచింది.
తలెత్తి, నోరంతా తెరిచి,
వినిపించింది అన్నాను.
రెండిట్లో ఆమెది ఏదో మాత్రం చెప్పలేదు.

బల్ల అంచు పట్టుకుని నేను లేవడం
ఆమె మొత్తం చూసింది.

గొట్టం కొనలేదు.
ఖాళీ దగ్గుమందు సీసా ఒకటి ఇమ్మంది.
చెయ్యి వణక్కుండా సగం పోసింది.
మూత బిగించి, నా ముందుకి తోసి,
చీటీ మీద నా చేతే రాయించింది:
తాగరాదు.