గోడలో మిగిలినవి

శాలిహుండం కొండ మీద
నాలుగు గంటల ఎండలో
చక్రం ఆకారంలో పేర్చిన ఇటుకల పక్కన కూర్చుని
కాపలాదారు గడ్డెన్న అడిగాడు:
"ఓడల మీద తిరిగినావు కదా,
ఇలాటిది ఇంకెక్కడన్నా సూసినావేటి?"

చూశాను.
ఇంజను గదిలో నూనెగుడ్డలు పిండే ఉద్యోగం నాది.
సముద్రాన్ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.
సిసిలీలో ఒక రేవులో పంపు పాడై
మూడు రోజులు ఆగిపోయాం.
సెకండ్ ఇంజనీరు పాసు చేతిలో పెట్టి
"ఏడు కల్లా వచ్చెయ్" అన్నాడు.
బస్సెక్కి సిరాక్యూస్‌లో దిగాను,
జేబులో పద్నాలుగు యూరోలు,
కాళ్లకి పని బూట్లు.

ఊరు గ్రీకులు కట్టిందట,
రెండువేల ఏడొందల ఏళ్ల కిందట.
బస్సులో బంగ్లాదేశ్ కుర్రాడొకడు చెప్పాడు.
గొడుగులు అమ్ముతాడు వాడు.
వాన లేని రోజు చరిత్ర చెబుతాడు.

సంతలో ఎండుచేపల వాసన.
కళ్లు మూసుకుంటే బందరువానిపేట.
తెరిస్తే నిమ్మకాయలు, ఒక్కొక్కటీ
పసిపిల్లాడి తలకాయంత.

నీడ కోసం చర్చిలోకి వెళ్లి
గోడ చూసి ఆగిపోయాను.
గోడలోంచి స్తంభాలు పొడుచుకొస్తున్నాయి
బక్కెద్దు డొక్కలో ఎముకల్లా.
గుడిని కూల్చలేదు వాళ్లు.
స్తంభానికీ స్తంభానికీ మధ్య రాళ్లు పేర్చి
కొత్త దేవుడికి ఇల్లు చేసేశారు.
పాత దేవత అక్కడే ఉంది,
బస్సులో సీటిచ్చేసి
కమ్మీ పట్టుకు నిలబడ్డ మనిషిలా.
స్తంభం మీది గాడిలో అరచెయ్యి పెట్టాను.
సరిగ్గా పట్టింది.
ఎవరైనా చూస్తారేమోనని తీసేశాను.

ఒడ్డున, ఉప్పునీళ్లకి పదడుగుల్లో
తియ్యటి ఊట ఒకటుంది.
చుట్టూ కట్ట కట్టి, జమ్ములాంటి గడ్డి పెంచి
దానికో దేవకన్య కథ కూడా పెట్టారు.
జనం ఫోటోలు తీసుకుంటున్నారు.
నాకు నవ్వొచ్చింది.
కళింగపట్నం ఇసకలో మా పిన్ని నరసమ్మ
కొబ్బరిచిప్పతో తవ్విన చెలమలకి
ఎవరూ కట్ట కట్టలేదు, కథా కట్టలేదు.
బిందె నిండగానే పూడిపోయేవి.

ఊరి చివర, కొండలో తొలిచిన మెట్లు,
నాటకాలు చూడ్డానికట.
ఆ పక్కనే పాత రాతిగని. అందులో
చెవి ఆకారంలో ఓ గుహ.
ఓడిపోయిన సైనికులు ఈ గనుల్లోనే
ఎండకి మాడి చచ్చిపోయారని చెబుతారు.
గుసగుసలాడినా పైవరకు వినబడుతుందట.
బడిపిల్లలు వరసగా పేర్లు పిలుస్తున్నారు.
నాకు పిలవడానికి ఏ పేరూ తోచలేదు.
నోట్లోంచి వల లాగే కేక వచ్చేసింది,
"ఓ హైలెస్సా!"
గుహ దాన్ని అందుకుని పదిసార్లు లాగింది.
పిల్లలు ఒక్క క్షణం గమ్మున ఉండి
నలభై గొంతులతో
"ఐలెస్సా! ఐలెస్సా!"
హకారం పలకదు వాళ్లకి.
వల లేదు, చేపా లేదు.
అయినా అందరం లాగాం.

ఇదంతా విన్నాక గడ్డెన్న
చాలాసేపు వంశధార వైపు చూశాడు.
"ఏదీ, ఇక్కడో కేకెయ్యి."
వేశాను.
ఇటుకలు పలకలేదు.
ఎండుగడ్డి కొంచెం కదిలింది, అదీ గాలికే.
కింద ఏట్లో గేదెని తోముతున్న కుర్రాడు
తలెత్తి "ఏటీ?" అన్నాడు.

పొద్దు వాలాక మ్యూజియానికి తాళం వేసి వచ్చి
గడ్డెన్న గొంతు తగ్గించాడు,
చుట్టూ వినడానికి ఏ గుహా లేకపోయినా.
"ఆల్ల గుడి గోడలోన ఉండిపోనాదన్నావు కదా.
మా తాత కట్టిన పశువుల సాల గోడలోన
ఇలాటియి ఆరున్నాయి.
మూరెడేసి పొడుగు.
నాను సిన్నప్పుడే లెక్కెట్టినాను.
ఎవుళికీ సెప్పకు."

దిగేటప్పుడు వాళ్లింటి దగ్గర ఆగాం.
వాళ్లావిడ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చింది.
సాలలో ఎర్రావు ఆ గోడకే
మెడ రుద్దుకుంటోంది, అరమోడ్పు కళ్లతో.
టీ అయ్యేలోగా లెక్కపెట్టాను.
ఆరు కాదు,
ఏడు.
గడ్డెన్నకి చెప్పలేదు.