నాలుగో చక్రానికి గడ్డి

సెప్టెంబరు. ఫిన్‌మార్క్ పీఠభూమి.
మోకాలెత్తు బర్చి పొదలు ఎర్రబారి
నేలంతా కుంపటిలా ఉంది, వేడే లేదు.

సిరే పిన్ని బయల్దేరే ముందు
నాలుగు చక్రాల బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతుంది.
ఒక్కో టైరునీ బొటనవేలితో నొక్కుతుంది,
రొట్టె లోపలిదాకా కాలిందో లేదో చూసినట్టు.
వాల్వు మూత తీసి కాస్త ఉమ్మి రాస్తుంది.
బుడగ రాకపోతేనే
కాఫీ ఫ్లాస్కు పెట్టెలోకి వెళ్తుంది.

నాకా నిదానం పడదు.
ఆ పొద్దున ఆమె కుక్కని పిలవడానికి వెళ్ళినప్పుడు
పంపు తీసి నాలుగింటికీ గాలి దట్టించాను,
తడితే ఖంగుమనేదాకా.
బిగిసిందల్లా బలమైందనుకునే వయసు.
మెత్తటి టైరు రాయిని వాటేసుకుని దాటుతుందని,
బిగిసినది ప్రతి రాయితోనూ కొట్లాటకి దిగుతుందని
నాకెవరూ చెప్పలేదు.
చెప్పారు. నేను వినలేదు.

మూడు వందల రెయిన్‌డీర్లు వాగు దాటి గట్టెక్కుతున్నాయి.
నడిచే వాటి కాళ్ళలో నరాల టిక్కుటిక్కు
ఇంజను మోతలోనూ వినిపిస్తోంది.
అంతలో ఇంకో చప్పుడు,
ఉడికే కుండ మూత పక్కకి జరిపినట్టు.
ఎడమవైపు, వెనకది.

నాచులో పడుకుని ఉంది ఒక కొమ్ము.
కిందటి చలికాలం ఏ మగదో రాల్చుకుని పోయింది.
మా మందదే అయ్యుండాలి.
వెంటపడి తరిమినవాళ్ళ బాకీ
ఇన్నాళ్ళకి తీరిగ్గా తీర్చింది.

పిన్ని తిట్టలేదు.
మిగిలిన మూడింటికీ గేజి పెట్టి చూసింది, తర్వాత నన్ను చూసింది.
ఆ మూడింటి గాలీ కొంచెం కొంచెం వదిలింది.
నా గాలి అప్పటికే మొత్తం పోయింది.

నేలని తాకే చోట చిల్లయితే పది నిమిషాల పని:
ముళ్ళ సూదితో గీకి, జిగురు తాడు దూర్చి, తోక కోసెయ్యడమే.
ఇది పక్కగోడ. నా చూపుడువేలు పట్టే చీలిక.
ఒక తాడు. పక్కన రెండోది. మూడోది.
పంపు కొట్టగానే అన్నీ ఒకటొకటే
కలుగులోంచి ఎలకల్లా బయటికొచ్చాయి.
కిట్టు ఖాళీ. ఫోనులో సిగ్నల్ లేదు.
మంద తెల్లటి తోకలు చూపించి గుట్ట అవతలికి దిగిపోయింది.
చాహ్పే మా వైపొకసారి, అటొకసారి చూసి
మూతి కాళ్ళ మధ్య పెట్టుకుంది.

పిన్ని కాఫీ తాగింది, పూర్తిగా.
మొలలో కత్తి తీసి బురదమడుగు అంచుకి నడిచింది.
రెండు చేతుల నిండా జమ్ముగడ్డి కోసుకొచ్చింది.

"మా అమ్మమ్మకి మేజోళ్ళు లేవు, తెలుసా.
ఈ గడ్డే. కోసి, దంచి, దువ్వి, జడల్లి దాచేది,
తోలు బూట్లలో కూరేది.
మైనస్ నలభైలో తిరిగిన మనిషి
పదికి పది వేళ్ళతో పోయింది."

నేను మడమతో తొక్కి టైరు అంచుని రిమ్ము నుంచి ఊడదీశాను.
ఆమె కూరింది, పిడికిలి వెంట పిడికిలి,
మోచేతిదాకా చెయ్యి దూర్చి.
"వేళ్ళ దగ్గర ఎక్కువ పెట్టాలి" అంది.
టైరుకి వేళ్ళెక్కడివని నేనడగలేదు.
నేనూ గడ్డి కోశాను. చేతులు కోసుకున్నాను.

పద్నాలుగు కిలోమీటర్లు, మనిషి నడకతో.
బరువు తగ్గాలని ఆమె పక్కనే నడిచింది,
మంచం పట్టి లేచినవాణ్ణి నడిపించినట్టు
ఒక చెయ్యి బండి మీద వేసి.
చక్రం ప్రతి చుట్టుకీ నిట్టూర్చింది.
వెనక కొత్తగా కోసిన పొలం వాసన,
ఆ ఎత్తులో పొలాలే ఉండవు.

కౌటొకేయినోలో నీల్లాస్ షెడ్డు.
అతను టైరు విప్పితే
పచ్చటి పొట్టు ఆవిరి కక్కుతూ ఒళ్ళో పడింది.
చాలాసేపు చూశాడు.
"ఎన్నో నంబరు బూటు?" అన్నాడు.
"ఇరవై అయిదు" అంది పిన్ని, మొహం చెక్కుచెదరకుండా.

మంద రెండు రోజులకి దొరికింది, పదకొండు తక్కువ.
ఆ లెక్క ఆమె నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.
కొమ్ము మొన విరిచి తాళంచెవుల గుత్తికి కట్టుకున్నాను.
బండెక్కిన ప్రతిసారీ తొడలో గుచ్చుకుంటుంది.
దిగి, ఒక చుట్టు తిరిగి వస్తాను.