ఎర్రగడ్డల గడి

బేగంపేటలో ఐదో అంతస్తు మా ఆఫీసు.
కిటికీలో కనబడే ఆ నీటి ముక్క పేరుకే సాగరం,
ఆదివారాలు పెడల్ పడవలు, మిగతా రోజులు వాసన.
ఇక్కడ కూచుని నేను ఓడలు నడుపుతాను.

మొన్నటిదాకా ఆ పని పుల్లంరాజు గారిది.
కాకినాడ మనిషి. చెవిలో ఫోను, వేళ్ల మధ్య నశ్యం.
ఏ రేవులో ఎంత వరస ఉందో ముక్కుతో పసిగట్టేవారు.
సగం సార్లు నిజమయ్యేది.
మిగతా సగం డెమరేజ్ బిల్లులై తిరిగొచ్చేది.
ఆ ఫైలు అట్ట మీద ఆయన చేత్తో ఒకటే మాట:
గ్రహచారం.

ఇప్పుడు తెర మీద గ్రహచారానికి గడి లేదు.
గాలి, అల, నూనె ధర, తిరుగు దారిలో సరుకు
అన్నీ మింగి, టీ చల్లారేలోపు
మూడు దారులు పరుస్తుంది, పక్కనే లాభం.
నిర్ణయం మాత్రం మీదేనంటుంది,
పెళ్లిచూపులకు తీసుకొచ్చిన మధ్యవర్తిలా.

నీలవేణి నిన్ననే రిచర్డ్స్ బే వదిలింది
పొట్టనిండా బొగ్గుతో, పదమూడు నాట్ల పరుగు.
తెర అడిగింది: పారాదీప్‌లో పదకొండు ఓడలు కాచుకునున్నాయి,
వెళ్లి లంగరేసి పన్నెండోది కావడానికా?
పదికి తగ్గించు.

"ఓడని నత్తని చేస్తావా అమ్మా," అన్నారు రాజుగారు.
"ముందొచ్చిన చెవులకన్నా..." అని
సగంలో ఆపి, నశ్యం పీల్చారు.
తగ్గించాను.
చెయ్యి వణికింది, అబద్ధమెందుకు.

అరవై లక్షల పైచిలుకు మిగులు!
అకౌంట్స్ ఇమాముద్దీన్ రెండుసార్లు కూడి చూసి
అందరికీ లుక్మీలు తెప్పించాడు.

పదహారో రోజు కెప్టెన్ నుంచి రెండు వాక్యాలు:
సముద్రం శాంతం.
ఉల్లిపాయలు నిన్నటితో ఆఖరు.

ఇరవై రెండు మంది. ఇంకా నాలుగు రోజులు.
పోపులో ఏమీ చిటపటలాడని పప్పు.

మా కడపలో ఉల్లిని ఎర్రగడ్డ అంటాం.
రోజూ మెట్రో దిగేది ఎర్రగడ్డలోనే,
తలుపు తెరిచే ముందు ఆ పేరు గట్టిగా చెబుతారు కూడా.
అయినా నాకు తట్టలేదు.
తెరకెలా తడుతుంది, నేను చెప్పందే?

ఆ రాత్రి కొత్త గడి చేర్చాను:
ఓడలో ఎన్నాళ్ల తిండి ఉంది.
రాజుగారికి ఫోన్ చేసి చెబితే
చాలాసేపు మాట్లాడలేదు.
"ఇన్నేళ్లలో నేనూ అడగలేదే," అన్నారు.

తర్వాతి ఓడకు తెర పది చెప్పలేదు, పదకొండంది.
లాభం కాస్త తగ్గింది.
కారణమేంటని డైరెక్టరు కళ్లద్దాలు పైకి తోశారు.

ఎర్రగడ్డలండీ, అన్నాను.
మా స్టేషను గురించి అనుకున్నారు.