తొమ్మిది పుంజీలు

రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎత్తిన రోజు
మా బ్యాంకులో జనం ఉండరు.
గరికిన పేరమ్మ ఆ రోజే వస్తుంది,
బోట్లు కదలని రోజు.
చెంగున ఉప్పువాసన, చేతిలో పాలిథిన్ కవరు,
కవర్లో పాసుబుక్కు,
పాసుబుక్కులో ఎవరిదో పాత శుభలేఖ,
పేజీ గుర్తుకి.

"కళ్ళజోడు ఇంటికాడ మర్సిపోనాను బాబూ,
కూసింత రాసిపెట్టు."

ఏడేళ్ళుగా మర్చిపోతూనే ఉంది.
ఏడేళ్ళుగా నేనూ
ఆ కళ్ళజోడు ఏ గూట్లోనో ఉందని నమ్మినట్టే
తలూపి ఫారం నింపుతున్నాను.
మా ఇద్దరి మధ్యా నడిచే మర్యాద అది.

ఇదే మనిషిని చేపలరేవులో చూడాలి.
తెల్లారగట్ల నాలుగున్నరకి, వేలంపాట హోరులో
కానాగంతలు గుట్టపోస్తే
పుంజీ, పుంజీ, పుంజీ అంటూ
చూపుతోనే నాలుగేసి పక్కకి తోసేస్తుంది.
నేను వేళ్ళు మడిచేలోగా
ఐసు ఖర్చు, కురుపాం మార్కెట్ దాకా ఆటో,
ఎండకి మెత్తబడి పారేసేవి,
అన్నీ పోను మిగిలేదెంతో పెదాల మీద ఉంటుంది.
కాలిక్యులేటర్ నొక్కే కుర్రాడు
చివర్న ఓసారి ఆవిడ మొహం చూసుకుంటాడు,
సరిపోయిందా అని.

మరి లెక్క ఎక్కడ తప్పింది?

కిందటేడు కొత్త వలకి అరవై వేలు కావాలంది.
పన్నెండు శాతం, అన్నాను నేను.
నూటికి మూడు, అన్నాడు పాతపోస్టాఫీసు వెనక సన్యాసిరావు.
పన్నెండు పెద్దది. మూడు చిన్నది.
చేపలకైనా రూపాయలకైనా అంతే కదా.
ఆ మూడు నెలకనీ
నా పన్నెండు ఏడాదికనీ
గోడమీద మా పోస్టరు చెబుతూనే ఉంది,
మంచి తెలుగులో, ఫ్యాను గాలికి టపటపా కొట్టుకుంటూ.
పోస్టరుకి కళ్ళజోడు కావాలి.

ఇవాళ ఎందుకో డిపాజిట్ స్లిప్పు వెనక్కి తిప్పి
పన్నెండు గళ్ళు గీశాను.
గడికి మూడు చుక్కలు.
చైత్రం, వైశాఖం, ఇలా నెలనెలా ఆడికి నువ్విచ్చేది, అన్నాను.
చుక్కల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టలేదావిడ.
"తొమ్మిది పుంజీలు," అంది.
పక్కన ఏడాదికీ నా పన్నెండు చుక్కలు పెట్టాను.
"మూడు పుంజీలు."

టోకెన్ మెషీను ఎవరూ లేని హాల్లో
నలభై ఒకటిని పిలిచింది.

"అయితే ఆరు పుంజీలు గెద్దెత్తుకుపోనాదన్నమాట."
తిట్టలేదు. నుదురు కొట్టుకోలేదు.
గెద్దలు ఆవిడకి కొత్త కాదు.
"అప్పుడే ఇలాగ సేపల్లో సెప్పకపోనావేటి బాబూ?"

ఏం చెప్పను.
ఎమ్మే చదివాను.
నా ఇంటి లోను కాగితాలు నలభై పేజీలు,
పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం గిలికాను,
ఒక్క లైను చదివిన పాపాన పోలేదు.
ఫోన్లో 'అంగీకరిస్తున్నాను' అన్న చోట
రోజుకో పుంజీ నొక్కుతాను.
అవీ వేలిముద్రలే, సిరా లేదంతే.

పేరమ్మ వేలిముద్ర వేసి
ఆ సిరా తలకి రాసుకుంది.
గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది.
"ఆ గళ్ళ కాయితం ఇలాగియ్యి.
సన్నాసిగాడికి సూపెట్టాల."

శుభలేఖ తీసి నా బల్లమీద పడేసింది,
ఆ చోట్లో పెట్టడానికి.
పెట్టలేదింకా.
మబ్బు వెలుతురుకి కాగితం ఎత్తి పట్టుకుని
చదువుకుంటూ మెట్లు దిగింది,
కళ్ళజోడు లేకుండానే.