నిర్ణయ చీటీ

రిటైరవడానికి ఇంకా పదకొండు రోజులు.
మ్యూజియం బీరువా తలుపు తీస్తే
కలరా ఉండల వాసన,
ముప్పై మూడేళ్ళుగా నా చీరల్ని వదలని వాసన.

ఒకసారి మామండూరు బస్సులో పక్క సీటావిడ అడిగింది:
"పెండ్లికి పోతాండావా మా,
పెట్టెలోంచి పట్టుచీర తీసినట్టుండాదే?"
అవునన్నాను.
కాళ్ళ దగ్గర సంచిలో, పాత పేపర్ల మధ్య
పెళ్ళివారు సర్దుకుని పడుకున్నారు:
మొగి కొమ్మ, కొండగుగ్గిలం ఆకులు,
ఏ జాతో అప్పటికి నాకూ తెలియని ఒక గడ్డి.

ప్రతి అట్టకీ కుడివైపు కింద లేబులు.
ఏ కొండ, ఎంత ఎత్తు, పువ్వు ఏ రంగు
(ఎండితే రంగు పోతుంది, మాట మిగులుతుంది).
చివర్న "కలెక్టర్" అని, దాని ఎదురుగా నా పేరు.
అది చూసి వెళ్ళిన మా నాయన
పుత్తూరులో కట్లు కట్టే వీధంతా చెప్పుకున్నాడు,
మా పాప తిరుపతిలో కలెక్టర్ అని.
రేషన్ కార్డు కోసం ఒకాయన
అర్జీ పట్టుకుని మ్యూజియం దాకా వచ్చాడు.
టీ ఇచ్చి పంపాను.

చెంగల్రాయుడు సూదీదారంతో కాండాలు కుట్టేవాడు.
"సచ్చినాక గూడా కదలకుండా ఉండాల గదమ్మా" అంటూ
ముడి మీద ముడి.
నవంబరు వానల్లో కరెంటు పోతే
కిరసనాయిలు స్టవ్వు మీద
తడి కొమ్మల్ని ఆరబెడుతూ కూర్చునేవాళ్ళం,
అలిపిరి వైపు కొండ కనిపించేదే కాదు.
ఆయన కుట్టిన అట్టల్లో ఇప్పటికీ ఆకు రాలదు.

ఈ పనికో కట్టుబాటు ఉంది.
పేరు తప్పని తేలితే కొట్టేయకూడదు.
పాత పేరు అలాగే ఉంచి
పైన ఒక చీటీ అతికించాలి:
కొత్త పేరు, చూసినవాళ్ళ సంతకం, తేదీ.

నిన్న నఫీసా వచ్చింది, పీలేరు పిల్ల.
చేతిలో నా అట్ట.
చేరిన కొత్తలో తలకోనలో కోసి
రాత్రికి రాత్రే పేరు పెట్టేసిన మొక్క.
"మేడం, ఇది... అది కాదేమో."

ఒక పువ్వును వేడినీళ్ళలో నానబెట్టి
లెన్సు కింద విప్పాను.
కేసరాలు తొమ్మిదుండాలి.
ఐదు.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఆ రోజూ ఐదే ఉండుంటాయి.

"జిగురు ఆ సొరుగులో ఉంది" అన్నాను.

వంకర రాకుండా అతికించడానికి
ఆ పిల్లకి చాలాసేపు పట్టింది.
చీటీని బొటనవేలితో నొక్కి పట్టుకుంది.
నేను లేచి ఫ్యాన్ ఆపాను.